వదినకో గది

"అంతా బాగానే ఉందమ్మా. ఇంతకీ మా అక్క ఎక్కడ?"

బావగారు గోడమీది కాగితం వైపు వేలు చూపిస్తూ అడిగారు. వంటగది ఎవరి వైపు వచ్చిందో, మెట్లు ఎవరి వైపు పోయాయో అని అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్న హాలు ఒక్కసారిగా మూగబోయింది.

చిన్నకోడలు పొద్దున్నే తన చేత్తో అంటించిన నక్షాను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ఇల్లు రెండు ముక్కలై ఉంది. నీలం రంగు బావగారిది, పసుపు తమది. నడుమ ఎర్రగీత, రేపో మాపో లేవబోయే గోడ. నీలంలో బావగారు, పెద్దకోడలు, వాళ్ళ పిల్లలిద్దరు. పసుపులో తానూ తన భర్తా. వదిన పేరు ఏ గదిలోనూ లేదు.

"ఉండాలే..." అంది.

"ఉండాలే అంటే ఎలా?" పెద్దకోడలు అందుకుంది. "చెప్పుల స్టాండుకి కూడా చోటు చూపించిందిగా నీ యంత్రం. ఈ ఇంటి ఆడపడుచుకి లేదా?"

సరిగ్గా అప్పుడే ఆ ఆడపడుచు టీ ట్రేతో వచ్చింది. అన్నదమ్ములిద్దరికీ అక్క, కోడళ్ళిద్దరికీ వదిన. తల్లీతండ్రీ పోయాక తమ్ముళ్ళను చదివించి, ఇద్దరికీ పెళ్ళిళ్ళు చేసి, తన పెళ్ళి మాట మరిచేపోయింది. స్కూలు ఆఫీసులో ఉన్న ఉద్యోగం కూడా పెద్దతమ్ముడికి మొదటి పిల్ల పుట్టినప్పుడు వదిలేసింది.

"ఏమిటర్రా, అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు? టీ చల్లారిపోతుంది, తీసుకోండి," అంటూ కప్పులు అందించి, నక్షా దగ్గరికి వెళ్ళింది. "ఏదీ, నేనెక్కడున్నాను?"

నీలమంతా వేలితో వెతికింది. పసుపంతా వెతికింది.

"చిన్న అక్షరాల్లో వేసుంటావులే అమ్మాయ్. నా కళ్ళజోడు లోపలుంది, తర్వాత చూసుకుంటాను," అని ఖాళీ ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కళ్ళజోడు ఆవిడ ముక్కుమీదే ఉంది.

చిన్నకోడలు గబగబా తన గదిలోకి వెళ్ళి కంప్యూటరు తెరిచింది.

ఆమె పనిచేసే ఆఫీసులో ఇళ్ళు చేత్తో గీయరు. ముందు మనుషుల్ని కొలుస్తారు. ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉంటారు, ఎక్కణ్ణించి ఎక్కడికి ఎన్నిసార్లు నడుస్తారు, ఎవరికి ఎవరు దగ్గరుండాలి. అవన్నీ ప్రోగ్రాముకి చెప్పి నియమాలు రాసిస్తే, అది వేల నక్షాలు వేసి, అందరికీ నడక తగ్గేదాన్ని ఏరి ఇస్తుంది. అలా ఆమె ఆస్పత్రులు చేసింది, బడులు చేసింది, ఒకసారి ఒక పేట మొత్తానికి వీధులు వేసింది.

ఇంటి మధ్య గోడ కట్టాల్సిందేనని అన్నదమ్ములు పట్టుబట్టినప్పుడు, ఒకరి చేతిలోని టేపు మీద ఇంకొకరికి నమ్మకం లేకపోయింది. లిఫ్టుల కాంట్రాక్టు చేసే బావగారే తేల్చేశారు. "మనుషులు గీస్తే పక్షపాతం అంటారు. యంత్రాన్నే గీయనిద్దాం. ఆ తర్వాత చేత్తో ఎవరూ ఒక్క గీత కూడా జరపడానికి వీల్లేదు." తమ్ముడు సరేనన్నాడు. ఇల్లు ఎలాగూ విరుగుతోంది, కనీసం మాటా మాటా లేకుండా విరుగుతుందిలే అనుకుంది చిన్నకోడలు. పిచ్చి మాలోకం!

రెండు వారాలు ఇంట్లో అందరూ, నడిచిన దారిని గీతలుగా రాసే బొత్తామంత పరికరం ఒకటి దగ్గర పెట్టుకు తిరిగారు. వదినది ఆవిడ తాళాల గుత్తికి కట్టింది. ఇప్పుడు తెరమీద ఆ గీతలు తెరిచి చూస్తే ఇల్లంతా ఆవిడే. వంటింట్లోంచి పడకగదులకు, పడకగదుల్లోంచి మేడమీదికి, మేడమీంచి గేటుకి, మళ్ళీ వంటింటికి. ఏ గది నేల చూసినా చీపురుతో ఊడ్చినట్టు ఆవిడ నడిచిన గీతలే. ఆ గీతల పక్కన ప్రోగ్రాము తగిలించిన పేరు చదివింది చిన్నకోడలు.

అతిథి.

ఆ నియమం ఆస్పత్రి పనిలోంచి వచ్చింది. పగలు ఎక్కడా ఒక్కసారైనా కదలకుండా అరగంట కూర్చోక, రాత్రికో చోట పడుకునేవాళ్ళు రోగుల్ని చూడ్డానికి వచ్చిపోయే బంధువులని దాని లెక్క. వాళ్ళకు గది అక్కర్లేదు, నడవడానికి దారి ఉంటే చాలు. అక్కడ అది మంచి నియమమే. పని తొందరలో దాన్ని తీయకుండానే ఇంటి లెక్కకు వాడేసింది. వదిన రెండు వారాల్లో ఒక్కసారి కూడా ఒకచోట అరగంట కూర్చోలేదు. రాత్రి పడక ఒకనాడు దగ్గుతున్న పిల్ల పక్కన, ఒకనాడు హాల్లో, ఉక్కపోస్తే మేడమీద. అతిథి నడకను ఎలాగూ లెక్కలోకి తీసుకోదు కాబట్టి, ప్రోగ్రాము ఆవిడ ఎక్కువగా నడిచే దారికి సరిగ్గా అడ్డంగా గోడ పెట్టేసింది.

చిన్నకోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే పని జరగదని లేచి హాల్లోకి వచ్చింది.

"తప్పు నాది," అంది. "ఆస్పత్రి కోసం రాసిన నియమం ఒకటి ఇందులో ఉండిపోయింది. అది తీసేసి మళ్ళీ వేయిస్తాను."

"తీసేస్తే వంటగది ఎక్కడికి పోతుంది?" బావగారు అడిగారు.

"మారొచ్చు, మారకపోవచ్చు."

"మెట్లో?"

"అవీ అంతే బావగారూ. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి."

"అదీ సంగతి!" పెద్దకోడలు చేతులు తిప్పింది. "వంటగది మా వైపు వచ్చేసరికి నియమం తప్పయిపోయిందన్నమాట."

"అక్కయ్యా! వదినకి గది లేదు. నేను దాని గురించి మాట్లాడుతున్నాను."

"నాకేమన్నా సంతోషమా? మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నువ్వు కంప్యూటరు పెట్టుకున్న గది ఎవరిదనుకున్నావు? నువ్వు కాపురానికి రాకముందు అందులో మంచం వేసుకుని పడుకున్నదెవరు?"

చిన్నకోడలు భర్త వైపు తిరిగింది. అతను తన చేతి గడియారం పట్టీ సవరించుకుంటున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. వదిన అసలే చెప్పలేదు.

"అయితే ఆ గది వదినకి ఇచ్చేస్తాను. ఇవాళే."

"తొందరపడకు," అన్నాడు భర్త. కాలేజీ ల్యాబులో పిల్లలకు ప్రయోగాలు చేయించే మనిషి, ఇంట్లోనూ అదే గొంతు. "ఇచ్చేస్తే అక్క మన వాటాలోకి వచ్చినట్టే కదా. ఇద్దరికి సరిపడే చోట్లో ముగ్గురం సర్దుకోవాలి. అప్పుడు అన్నయ్య వెనక వరండా మనకి వదలాలి."

"నేనెందుకు వదలాలిరా?"

"అక్క నీకూ అక్కే కదా."

"పోనీ, మా వైపే ఉండనీ. మెట్ల కింద చోటు మాకిచ్చెయ్."

"భలే చెప్పావన్నయ్యా! అక్క మీ వైపుంటే మీ వంటా, మీ పిల్లలూ అన్నీ చూసుకుంటుంది. పైగా చోటు కూడా నీకేనా?"

"మూడడుగులు తగ్గించుకుంటాను, సరేనా?"

"మూడు కాదు, అయిదు."

అక్క వద్దని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కావాలనీ అనలేదు. బజార్లో బేరమాడినట్టు ఆడుతున్నారు. చిన్నకోడలికి చెవులు మూసుకోవాలనిపించింది. ఈ ఇద్దరికీ జ్వరాలొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి గోడకి అవతల నిలబడి ఉంది, వీళ్ళకు ఆ ధ్యాసే లేదు.

"ఎందుకొచ్చిన గొడవ?" పెద్దకోడలు తీర్పు చెప్పేసింది. "ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. వదినకీ విసుగు పుట్టదు."

"అదీ బాగానే ఉంది," అన్నారు బావగారు.

"అదే నయం," అన్నాడు తమ్ముడు. యంత్రం చేత గీయిద్దామన్న మాట తర్వాత అన్నదమ్ములు ఏకమైన మాట అదొక్కటే.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని చిన్నకోడలు అప్పుడు గమనించింది.

"యంత్రం కూడా అచ్చం అదే అంది," అంది ఆమె. "వదిన అతిథి అంది. నాకు అది తప్పనిపించింది. మీకు అనిపించడం లేదు."

బావగారు కప్పు కింద పెట్టారు.

"నియమం మార్చొద్దంటే మార్చను. కొలత మళ్ళీ తీద్దాం. వదినది ఒక్కటే, ఒక్క వారం. కొలత మారితే ఫలితం మారుతుంది. చేత్తో గీత జరిపినట్టు కాదు."

"కొలతలో తేడా వస్తే ఒప్పుకుంటాను," అన్నారు బావగారు. "మా అక్కకి గది రావద్దని నాకేమైనా కక్షా?"

చిన్నకోడలు వంటింట్లోకి వెళ్ళేసరికి వదిన స్టవ్ గట్టును తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

"విన్నానమ్మాయ్," అంది తల తిప్పకుండా. "గోడలకి చెవులుంటాయంటారు. గోడ కట్టకముందే నాకున్నాయి."

"నన్ను క్షమించండి వదినా."

"నువ్వేం చేశావే, పాపం. ఉన్నదే చెప్పింది అది. ఒక్కటి చెప్పు. నేనేం చేసుంటే నాకు గది ఇచ్చేది?"

చెప్పడానికి చిన్నకోడలికి సిగ్గేసింది.

"ఒకచోట అరగంట కదలకుండా కూర్చుని ఉంటే చాలు వదినా. ఒక్కసారి."

వదిన ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"అరగంటా! ఓసి నీ ఇల్లు బంగారంగానూ! అదేం బ్రహ్మవిద్యా? ముందే చెప్పి ఉంటే కూర్చునేదాన్ని కాదూ?"

"ఇప్పుడు కూర్చోండి. వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీ వేస్తాను. ఎవరు పిలిచినా లేవకండి."

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు."

"ఏమీ చెయ్యకుండానా?" అంది వదిన. ఆ గొంతులో నిజంగా భయం ఉంది.

"మీకు గది వద్దా వదినా?"

వదిన గుడ్డ మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"కావాలమ్మా," అంది చివరికి, చాలా చిన్నగా. "ఎంత కావాలో నీకు తెలీదు. తలుపు దగ్గరికేసుకుని, ఎవరూ పిలవని చోట పడుకోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. అంటే నవ్వుతారని ఊరుకున్నాను."

ఆవిడ నోట "కావాలి" అన్న మాట వినడం చిన్నకోడలికి అదే మొదటిసారి.

ఆ వారం సంగతి ఏం చెప్పమంటారు! వినేవాళ్ళకు నవ్వొస్తుంది, చిన్నకోడలికి మాత్రం రాలేదు.

మొదటిరోజు వదిన ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి బావగారు కేకేశారు. "అక్కా, నా నీలం చొక్కా ఎక్కడుంది?" ఆవిడ లేచింది.

"కూర్చునే చెప్పొచ్చు కదా వదినా!"

"వాడికి చెప్తే దొరకదమ్మాయ్. కళ్ళముందున్నా కనబడదు వాడికి."

మరునాడు పెద్దకోడలు. "వదినా, పాలు పొంగుతాయేమో కాస్త చూడండి, నేను ఫోన్లో ఉన్నాను." ఆ మరునాడు పిల్లలు. ఆ తర్వాత చిన్నకోడలి భర్త. "అక్కా, గేటు దగ్గర ఎవరో వచ్చారు చూడు." అతను కూర్చున్న చోటు నుంచి గేటుకి నాలుగడుగులు కూడా లేవు.

ఆ సాయంత్రం చిన్నకోడలు భర్తను పట్టుకుని కడిగేసింది.

"ఒక్క వారం! ఒక్క వారం ఆవిణ్ణి కూర్చోనివ్వలేరా మీరంతా?"

"గుర్తులేదు. అలవాటు కొద్దీ పిలిచాను."

"మీకు గుర్తులేకపోతే ఆవిడ ఎక్కడికి పోవాలి?"

అతను మంచం అంచున కూర్చుని, "నా పెళ్ళికి నీ కంప్యూటరు గది తనే ఖాళీ చేసింది," అన్నాడు. "నాకిక్కడ గాలి ఆడదురా, హాల్లోనే హాయి అంది. నేను నమ్మాను."

"నమ్మారా?"

"నమ్మితే బాగుండనిపించింది," అన్నాడు అతను.

వారంలో చివరిరోజు వచ్చింది. దేవుడు దయతలిచినట్టు ఇల్లు ఖాళీ అయింది. పెద్దకోడలు పిల్లల్ని తీసుకుని చెప్పులు కొనడానికి వెళ్ళింది. అన్నదమ్ములిద్దరూ గోడ కట్టే మేస్త్రీని మాట్లాడటానికి వెళ్ళారు. చిన్నకోడలు ఆఫీసుకు వెళ్ళకుండా ఇంట్లోనే పని పెట్టుకుంది. ఒక కొత్త పేట వీధుల లెక్క ఆ సాయంత్రానికి ఆఫీసుకు పంపాలి.

మధ్యలో ఒకసారి పిల్లిలా వెళ్ళి వెనక గదిలోకి తొంగిచూసింది. వదిన తల కిటికీకి ఆనించుకుని ఉంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. నిద్రపోతోంది. పట్టపగలు, కుర్చీలో, చిన్నపిల్లలా నిద్రపోతోంది. చిన్నకోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇంకెంతోసేపు లేదు. గడియారం చూసుకుని, చప్పుడు కాకుండా వచ్చి తెరముందు కూర్చుంది.

పని మొండికేసింది. ప్రోగ్రాము ఒక వీధిని తీసుకెళ్ళి బడి గోడకు గుద్దింది. సరిచేస్తే ఇంకో వీధి పోయి కాలువలో పడింది. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. తల పగిలిపోతోంది. ఫోన్ పెట్టేసి, తెరమీంచి చూపు మరల్చకుండానే, రోజూ ఆ వేళకు అనే మాటే అంది.

"వదినా, కాస్త టీ పెడతారా?"

నోరు దాటాక గానీ తానేమందో ఆమెకు తెలియలేదు. వెనక గదిలో కుర్చీ కిర్రుమంది.

"వద్దు! లేవకండి వదినా! లేవకండి!"

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి వదిన వంటింట్లో ఉంది. గిన్నెలో నీళ్ళు పోసి ఉన్నాయి. స్టవ్ వెలుగుతోంది. అరగంటకు ఇంకా కొన్ని నిమిషాలు మిగిలే ఉన్నాయి.

చిన్నకోడలు గుమ్మంలోనే కూలబడిపోయింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అందర్నీ తిట్టాను వదినా. మా ఆయన్ని నానా మాటలన్నాను. చివరికి నేనే..."

"ఊరుకో. నువ్వూ ఈ ఇంటిదానివైపోయావు, అంతే," అంది వదిన. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది చిన్నకోడలికి. వదిన టీ వడపోసి కప్పు ఆమె చేతిలో పెట్టి, తాను కూరగాయలు తరిగే ఎత్తుపీట లాక్కుని పక్కన కూర్చుంది.

"కునుకు పట్టింది తెలుసా నాకు? ఆ కుర్చీలో. ఎంత హాయిగా ఉందో."

"వదినా..."

"విను. నేను పనిచేసిన స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ ఇంకా ఆవిడే ఉంది. మొన్న ఫోన్ చేశాను. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ కావాలట. గది ఇస్తారట. తలుపుకి లోపల గడియ ఉంటుందా అని అడిగితే, ఉండకేం అని నవ్వింది. సోమవారం నుంచి వస్తానని చెప్పేశాను."

చిన్నకోడలు కప్పు కింద పెట్టేసింది.

"వెళ్ళకండి వదినా. కొలతా లేదు, నియమం లేదు, చేత్తోనే గీసేస్తాను. నా కంప్యూటరు గది మీదే. ఎవరేమన్నా నేను పడతాను."

"గీస్తావు, నాకు తెలుసు. అప్పుడు వాళ్ళు ఆ గదికి వరండా ఎంత, మెట్లు ఎంత అని మళ్ళీ మొదలెడతారు." వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా తమ్ముళ్ళు నన్ను అడుగుల్లో లెక్కేసుకోవడం ఒకసారి విన్నానమ్మా. రెండోసారి వినలేను. అంత బలం లేదు నాకు."

"వాళ్ళకి చెప్పారా?"

"ఎలా చెప్పను? ఎత్తుకుని పెంచినవాళ్ళు. మొహాలు చూస్తే చెప్పలేను. నువ్వు చెప్పు."

గేటు చప్పుడైంది. చెప్పులు విడిచిన అలికిడి, టేపు సాగదీసిన చప్పుడు, హాల్లో ఎవరో కొత్త మనిషి దగ్గు.

"అక్కా!" బావగారి కేక. "మేస్త్రీ వచ్చాడు. మంచినీళ్ళు పట్రా!"

వదిన కాళ్ళు అలవాటుగా కదిలాయి. పీట మీంచి సగం లేచింది. చిన్నకోడలు ఆవిడ చెయ్యి పట్టుకోలేదు, నోరు విప్పలేదు. వదిన ఒక్క క్షణం అలా వంగి నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కూర్చుంది.

"కూర్చున్నానురా," అంది గట్టిగా. "నీళ్ళు నువ్వే తీసుకో."

హాల్లో అన్నదమ్ములు ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత గబగబా అడుగుల చప్పుడు వినిపించి, చిన్నకోడలి భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నేలమీద ఏడ్చిన మొహంతో భార్య. పీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అక్క.

"అక్కకేమైంది?" అన్నాడు. "ఒంట్లో బాగోలేదా?"